పై బెజ్జం

మా మరిది సుందరరాజుకి ట్రాక్టరంటే భయం. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పొద్దున్న ఆరింటికి సీటెక్కి ఎండ మాడ్చే వేళకి దిగే మనిషికి ఆ బండంటే భయమని ఎవరనుకుంటారు? తాళం తిప్పే ముందు అతను కుడి అరచెయ్యి రెండుసార్లు లుంగీకి తుడుచుకుంటాడు. మాఘమాసం చలిలో కూడా ఆ చెయ్యి తడిగానే ఉంటుంది. వాకిట్లో నించుని నేను చూస్తూ ఉంటాను.

మాది నాగాయలంక దాటాక కరకట్ట అవతల ఊరు. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. తాగేనీళ్ళు కట్టకి ఇవతలున్న ఫిల్టరు ట్యాంకు దగ్గర పట్టుకుని, కట్ట ఎక్కి అటు దిగి, ఊళ్ళోకి తేవాలి. పన్నెండేళ్ళు ఆ పని మా ఆయన చేశారు. ఆయన పేరు సీతారామాంజనేయులు. మాకొక ట్రాక్టరు, దాని వెనక రెండు చక్రాల నీళ్ళ ట్యాంకరు ఉన్నాయి. అయిదు వేల లీటర్లు పడుతుంది. పోయిన కార్తీకమాసంలో, వానకి నానిన కట్ట మీదికి నిండు ట్యాంకరుతో ఎక్కుతుంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బండి వెనక్కి తిరగబడింది. ఆయన దాని కింద ఉండిపోయారు.

అందరూ వాన వల్ల అన్నారు. కట్ట జారిందన్నారు. నేను ఏమీ అనలేదు.

సుందరరాజు ఆయనకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నేను కాపురానికి వచ్చేసరికి అయిదో క్లాసు చదువుతున్నాడు. ఆ ఏడే పొలానికని ట్రాక్టరు కొన్న రోజు వాళ్ళన్నయ్య ముద్దుగా ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నడపబోతే, కెవ్వున అరిచి బురదలోకి దూకేశాడు. ముక్కు పగిలింది. మా అత్తగారు సుబ్బులమ్మ ఆ సంగతి ఎవరొచ్చినా చెప్పి నవ్వేది. "వీడు పొలానికీ పనికిరాడు, ట్రాక్టరుకీ పనికిరాడు. వీణ్ణి ఏ గాజుల కొట్లోనో కూర్చోబెట్టాలి" అనేది.

గాజుల కొట్టు కాదుగానీ, పదో క్లాసు తప్పాక వాళ్ళ మేనమామ తీసుకెళ్ళి పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే చోట కూర్చోబెట్టాడు. టేకు దిమ్మ మీద పువ్వు గీసి, సన్నటి ఉలితో చుట్టూ ఉన్న చెక్కంతా తీసేస్తే పువ్వు మిగులుతుంది. ఆ అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. గుడ్డ మీద కుడివైపు పడాల్సింది దిమ్మ మీద ఎడమవైపు చెక్కాలి. అలా పద్దెనిమిదేళ్ళు చెక్కి చెక్కి, అతనికి లోకమంతా తిరగేసి చూడటం వచ్చేసింది. అద్దంలో కనబడే అక్షరాలు గడగడా చదువుతాడు. ఒకసారి మా అమ్మాయి హర్షిత పుస్తకం మీద పేరు రాసిమ్మంటే అలవాటుగా తిరగేసి రాశాడు. అది ఇప్పుడు బందరులో నర్సింగు చదువుతోంది. ఇంకా "బాబాయ్ రాసిన పేరు చదవాలంటే అద్దం కావాలి" అని వెక్కిరిస్తుంది.

పండక్కి వచ్చినా రెండో రోజుకే వెళ్ళిపోయేవాడు. "ఏంట్రా ఆ తొందర, అక్కడెవరన్నా ఉన్నారా ఏంటి?" అని వాళ్ళన్నయ్య అడిగితే, "ఉందన్నయ్యా, ఒక నెమలి. తోక సగంలో ఉంది" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చూసిన సంబంధాలన్నీ అలా నెమళ్ళ మధ్యా తీగల మధ్యా దాటిపోయాయి.

అన్నయ్య పోయాడని తెలిసి వచ్చిన మనిషి, పెద్దకర్మ అయ్యాక ఉండిపోయాడు. ఎవరూ ఉండమనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. అంతే. మూడు నెలలు ట్యాంకరు మా పెరట్లోనే పడి ఉంది. పక్కూరి ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చేది. మాఘమాసం వచ్చేసరికి పంచాయతీ పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. "మీ అన్న పోసిన నీళ్ళయ్యా. వేసవికి మీరు కూడా చేతులెత్తేస్తే మేమెక్కడికి పోతాం?" అన్నారు. రాజు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ట్రాక్టరు బాగుచేయించాడు. ట్యాంకరుని వెనక తగిలించడానికి అద్దెకి తెచ్చిన పాత కొక్కెం ఒకటి తాత్కాలికంగా బిగించి నడపడం మొదలుపెట్టాడు.

పెడన నుంచి దుర్గాశ్రీనివాస్ గారు ఫోను చేసేవారు. రాజు పనిచేసే చోటు ఆయనదే. "ఏమయ్యా, నీ పీట ఖాళీగా ఉంచాను. నీ ఉలిని ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వట్లేదు. ఉగాది దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ననుకోవద్దు" అన్నారు.

ఉగాదికి నెల పదిరోజులుంది. రాజు మనిషి కోసం వెతికాడు. కోడూరులో జయకృష్ణ అని ఒక డ్రైవరు దొరికాడు. మంచివాడే. ఇద్దరు చిన్నపిల్లలు. ఒకరోజు ట్యాంకరు వెంట తిరిగి చూసి, మా అరుగు మీద మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

"వస్తానన్నా. కానీ ఒకటి. మీ ట్యాంకరు చివర్లో ఏడిపిస్తోంది. కుళాయి వెనకుంది, ట్యాంకరేమో ముందుకి వంగి ఉంది. అడుగునున్న నీళ్ళన్నీ ముందుకి పోయి కూర్చుంటున్నాయి. ఆ చివరి వీధి ఆడాళ్ళు నన్ను కొట్టేట్టున్నారు. కుళాయి తిప్పితే మొత్తం దిగిపోయేట్టు చేసి ఇయ్యి, రేపే వచ్చి ఎక్కుతా."

రాజు మొహం వెలిగింది. అన్నయ్య పోయాక అతని మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. "అంతే గదా! మా అన్నయ్య చివర్లో మొత్తం పోసేవాడంట. చివరి వీధి సత్యవతక్క రోజూ చెబుతోంది. ఎలా పోశాడో కనుక్కుని అలాగే చేయిస్తా. గుడివాడలో వెంకట్రామయ్య గారని ట్రక్కులు కట్టే ఆయన ఉన్నాడు. కొత్త కొక్కెం ఎలాగూ కావాలి."

నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కడిగిన నీళ్ళు పారబోయడం మర్చిపోయి అలాగే నించున్నాను.

ఎలా పోశారో నాకు తెలుసు.

ఆశ్వయుజంలో ఒకరోజు సత్యవతి రేషన్ షాపు దగ్గర నన్ను పట్టుకుంది. ఆమెది సముద్రం వైపు చివరి వీధి. "ఏమ్మా, మీ ఆయన ట్యాంకరు మా వీధిలోకి వచ్చేసరికి దగ్గుతుందేంటి? ముందు వీధులోళ్ళకి ధార, మాకు దగ్గా? మేమేం పాపం చేశాం?" అంది. అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం ఆయనకి అన్నం పెడుతూ అన్నాను. "బిందె అడుగున నీళ్ళు మిగిలితే మేం వంచుకుంటాం గదా. మీరు కూడా ఆ ట్యాంకరు ముందు వైపు కాస్త పైకెత్తించి కట్టుకోరాదూ? నీళ్ళు వెనక్కొస్తాయి."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగారు. నా మొహం కేసి చూశారు. "నీ బుర్ర బాగానే పనిచేస్తుందే" అన్నారు. మర్నాడు ట్రాక్టరు వెనకున్న పలకకి ఉన్న కొక్కెం విప్పి, నాలుగు బెజ్జాల్లో అన్నిటికంటే పై బెజ్జంలో బిగించారు. ట్యాంకరు వెనక్కి వాలింది. చివరి వీధిలో చివరి బొట్టు దాకా దిగింది. సత్యవతి మా ఇంటికి వచ్చి గోంగూర కట్టలు రెండు ఇచ్చి వెళ్ళింది. నాకెంత గర్వంగా ఉందో! పదకొండు రోజులు ఉంది ఆ గర్వం. పన్నెండో రోజు ఆయన్ని కట్ట మీద నుంచి తీసుకొచ్చారు.

ఆయన పోయిన వారానికి, పరామర్శకి వచ్చిన ఒక ట్రాక్టరు మెకానిక్కు అరుగు మీద ఎవరితోనో అంటుంటే విన్నాను. కొక్కెం పైన ఉంటే గట్టు ఎక్కుడులో బండి ముందు లేస్తుందని. అప్పుడు తెలిసింది నాకు. క్రేనుతో బండి లేపేటప్పుడు కొక్కెం ఊడిపోయింది. ఏ బెజ్జంలో ఉందో ఎవరూ చూడలేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా అత్తగారి మొహం చూస్తూ చెప్పలేకపోయాను. హర్షితకి చెప్పలేకపోయాను. ఒక రోజు ఆగితే ఇంకో రోజు ఆగడం తేలికవుతుంది. అలా నాలుగు నెలలు అయింది.

ఇప్పుడు చెబితే రాజుకి పెడన ఉండదు. చెప్పకపోతే జయకృష్ణ ఆ కట్ట ఎక్కుతాడు.

మర్నాడు పొద్దున్న రాజు పాత పలకని గోనెసంచిలో చుట్టుకుని బయల్దేరుతుంటే "నేనూ వస్తాను" అన్నాను.

అత్తగారు విస్తుపోయింది. నేను నాలుగు నెలలుగా వీధి మొహం చూడలేదు. "నువ్వెందుకే? ఆ ఇనప కొట్లో నీకేం పని?"

"బండి నా పేరు మీదుంది గదా అత్తయ్యా. సంతకాలేమన్నా అడుగుతారేమో" అన్నాను. కొక్కేనికి సంతకమేమిటో ఎవరూ అడగలేదు.

అవనిగడ్డలో బస్సెక్కాం. మోపిదేవిలో పుట్టలో పాలుపోసి వచ్చినవాళ్ళు సగం బస్సు నింపేశారు. పలక రాజు కాళ్ళ మధ్య ఉంది. చల్లపల్లి దాటేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. దుర్గాశ్రీనివాస్ గారికి పెద్ద ఆర్డరు వచ్చిందట. చీరంచుకి హంసల వరస. ఒక హంస మెడ ఇంకో హంస రెక్క కిందికి పోవాలి, అతుకు కనపడకూడదు. "అది నేను తప్ప ఎవరూ చెయ్యలేరు వదినా. గొప్పకి చెప్పట్లేదు. కన్ను అలా అలవాటు పడిపోయింది, అంతే." వేలితో ముందు సీటు వెనకాల గీసి చూపించాడు. తిరగేసి గీస్తున్నాడని నాకు చివర్లో తెలిసింది. కూచిపూడి దగ్గర నాట్యం నేర్చుకునే పిల్లలు నలుగురు ఎక్కితే, వాళ్ళ చీర కుచ్చిళ్ళ మీద పువ్వులు లెక్కపెడుతూ పామర్రు దాకా వచ్చాడు.

అతను అంత మాట్లాడుతుంటే నేనెలా చెప్పను? దిగాక చెబుదామనుకున్నాను.

గుడివాడలో వెంకట్రామయ్య గారి షెడ్డు రైల్వే గేటు దాటాక ఉంది. అరవై దాటిన మనిషి, చేతుల మీదంతా నిప్పురవ్వల మచ్చలు. పలకని సంచిలోంచి తీసి, వెలుతురులో పెట్టి, చాలాసేపు వేలితో తడిమారు.

"ఇది తిరగబడ్డ బండిది గదూ?"

"అవునండీ. మా అన్నయ్యది" అన్నాడు రాజు.

"చూడు తమ్ముడూ. కింద మూడు బెజ్జాలూ గుండ్రంగా ఉన్నాయి. పైది చూడు, కోడిగుడ్డులా సాగింది. కొక్కెం పైనుంది ఆరోజు."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"అదేనండీ మాకు కావాల్సింది!" అన్నాడు రాజు. "అన్నయ్య అలా పైన పెట్టే గదా చివరిదాకా పోశాడు. మాకూ అలాగే చేసివ్వండి."

వెంకట్రామయ్య గారు అతని వంక వింతగా చూశారు. "పైన పెడితే లాగుడు పైనుంచి పడుద్ది. సదరంగా ఉన్న రోడ్డు మీద ఫర్వాలేదు. ఎక్కుడులో ముందు లేస్తది. మీ అన్నకి తెలిసే ఉంటది."

"మరి బరువు పెడితే? ముందు దిమ్మలు కట్టుకుంటారు గదండీ."

"కట్టుకుంటారు. మీ దివిసీమోళ్ళు దిమ్మలెందుకని ఇద్దరు మనుషుల్ని బంపరు మీద కూర్చోబెట్టుకుంటారు, కట్ట దాటాక దింపేస్తారు. అలా కూర్చున్నోళ్ళ కాళ్ళు విరిగితే ఇక్కడికే వస్తారు బండి బాగుచేయించుకోడానికి. కాళ్ళు నేను బాగుచెయ్యలేను గదా." ఆయన నవ్వారు. తర్వాత తల గోక్కున్నారు. "దిమ్మలు బాగా కడితే నూటికి తొంభైసార్లు ఎక్కుద్ది. మిగతా పది నేను చెప్పలేను."

"కుళాయే ముందుకి మారిస్తే?"

"ఏ సంవత్సరం ట్యాంకరు?" రాజు చెప్పాడు. "అబ్బే! ఆ రేకు తుప్పుకి పల్చబడిపోయి ఉంటది. గ్యాసు టార్చి పెడితే చిల్లు కాస్తా కిటికీ అవుద్ది. కొత్త తొట్టి కట్టించుకుంటే చెప్పు."

అది మా వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. రాజు జేబులోంచి ఫోను తీశాడు. "ఇది చూడండి. బరువు పంచే కొక్కెమంట. రెండు పక్కలా రెండు స్ప్రింగు కమ్మీలున్నాయి. వెనక పడే బరువుని తీసి ముందు చక్రాల మీదికి పంపిస్తాయంట." బొమ్మని పెద్దది చేసి, తిప్పి, మళ్ళీ పెద్దది చేశాడు. ఎవరు చెక్కారో గానీ భలే పనితనం అన్నట్టు చూస్తున్నాడు.

వెంకట్రామయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "బాగుంది. ఇది కార్ల వెనక ఇళ్ళు లాక్కుపోతారే, వాళ్ళది. తారు రోడ్డు మీద ఒకే ఎత్తున పోవాలి. మీ కట్ట మీద ముక్కు పైకీ తోక కిందకీ అవుద్ది. కమ్మీలు తిరిగి ఎవడి కాలికో తగుల్తాయి. బరువు పంచాలంటే ముందు నేల సదరంగా ఉండాలయ్యా." ఫోను తిరిగిచ్చారు. "నన్నడిగితే కిందది. కింద నుంచి రెండో బెజ్జం. నీళ్ళు మిగిలితే మిగిలాయి. కాదంటావా, పైది. దిమ్మలు పెట్టుకుని. నువ్వు చెప్పు, కోసేస్తా."

రాజు ఆలోచించాడు. ఎంతోసేపు కాదు. "అన్నయ్య పన్నెండేళ్ళు ట్యాంకరు నడిపాడండీ. ఆయనకి తెలియకుండా పైన పెట్టడు. వాన పడబట్టి అలా అయింది. దిమ్మలు పెడదాం. పైదే కొయ్యండి."

వెంకట్రామయ్య గారు సుద్దముక్క తీసి కొత్త పలక మీద గుర్తు పెట్టబోయారు.

"పైది వద్దండీ" అన్నాను.

ఇద్దరూ నా వంక తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వదినా, నీకిది తెలియదు" అన్నాడు రాజు మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు. "ఇది అన్నయ్య లెక్క."

"మీ అన్నయ్య లెక్క కాదు రాజూ. నాది. బిందె వంచినట్టు వంచమని నేనే చెప్పాను. అన్నం పెడుతూ చెప్పాను. మర్నాడే మార్చారు. పన్నెండో రోజు..."

షెడ్డులో ఎక్కడో గ్రైండరు అరుస్తోంది. వెంకట్రామయ్య గారు సుద్దముక్క పట్టుకుని అలాగే వంగి ఉన్నారు. తర్వాత అవతలికి వెళ్ళి గ్రైండరు ఆపమన్నారు. వెంటనే తిరిగి రాలేదు.

రాజు నేలకేసి చూస్తున్నాడు. అతను తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. అతను అన్న మాట ఇది:

"అన్నయ్యకి తెలుసు వదినా."

"ఏంటి?"

"పైన పెట్టకూడదని. నేను ముక్కు పగలగొట్టుకున్నప్పుడు, భయం పోవాలని నాకు బండంతా చూపించాడు. ఇది బ్రేకు, ఇది క్లచ్చి, ఇదిగో ఈ పై బెజ్జం జోలికి మాత్రం ఎప్పుడూ పోకూడదని. ఇందాక వెంకట్రామయ్య గారు పైనుందంటే, పెడన వెళ్ళిపోవచ్చన్న ఆత్రంలో ఆ మాట పక్కకి నెట్టేశా. ఏదో ఉపాయం కనిపెట్టి ఉంటాడనుకున్నా." పాత పలక కేసి చూశాడు. "నువ్వు అడిగావని పెట్టాడన్నమాట."

ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఎందుకు ఆగారో నాకు అప్పుడు అర్థమయింది. తెలియదని కాదు. తెలుసు. నా మాట కొట్టెయ్యడం ఇష్టం లేక, నేను మురిసిపోతుంటే చూడాలని, జాగ్రత్తగా ఎక్కితే చాలనుకున్నారు. నాలుగు నెలలుగా ఆయనకి తెలియక పోయారని ఏడ్చాను. ఇకనుంచి తెలిసి పోయారని ఏడవాలి.

వెంకట్రామయ్య గారు టీలు పట్టుకుని వచ్చారు. "ఏం చెయ్యమంటారమ్మా?" అని నన్నే అడిగారు.

నేను రాజు వంక చూశాను. అతను టీ గ్లాసు కింద పెట్టి, అరచెయ్యి తుడుచుకుని, సుద్దముక్క తనే అందుకున్నాడు. కొత్త పలక మీద కింద రెండు గుండ్రాలు గీశాడు. చెక్క మీద గీసినంత శ్రద్ధగా గీశాడు. "ఈ రెండే కొయ్యండి. పైన అసలు బెజ్జాలే వద్దు. రేపు ఎవడన్నా పెడదామనుకున్నా చోటుండకూడదు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నాతో మాట్లాడలేదు. ఆ మాటకొస్తే వారం రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. "ఇంకాస్త వెయ్యనా?" అంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. అత్తగారికి ఏం జరిగిందో తెలియదు. "గుడివాడలో ఏం గొడవ పడ్డార్రా?" అని ఇద్దర్నీ చెరోసారి అడిగింది.

నన్నడిగిన సాయంత్రమే ఆమెకి కూడా చెప్పాను. చెప్పేశాక ఇంక దాచడానికేముంది? ఆమె గోడకేసి తిరిగి, "వాడంతే. చిన్నప్పుడు నేను మాడ్చిన తోటకూర చేదుగా ఉన్నా బాగుందని తినేవాడు" అంది. లేచి వెళ్ళి పడుకుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

జయకృష్ణ మాట ప్రకారం వచ్చాడు. కొత్త పలక చూశాడు, ట్యాంకరు చుట్టూ తిరిగాడు. ముందుకి వంగే ఉంది.

"ఇదేంటన్నా? ఏమీ మార్చలేదేంటి?"

"మార్చకూడదు జయకృష్ణా. మారిస్తే బండి లేస్తది."

"మరి అడుగు నీళ్ళు?"

"పైన మూత తీసి, బకెట్టుతో తోడి పొయ్యాలి. ట్రిప్పుకి ఓ అరగంట పడుద్ది."

జయకృష్ణ నవ్వాడు, తర్వాత నిజంగానే అంటున్నాడని తెలిసి మానేశాడు. "కుళాయి తిప్పి పొయ్యమంటే పోస్తా. నూతిలో తోడినట్టు ట్యాంకరెక్కి తోడాలంటే రోజుకి నాలుగు ట్రిప్పులు నా వల్ల కాదన్నా. మా కోడూరులో అందరూ నవ్వుతారు. పోనీ నా పూచీ మీద ఓ పై బెజ్జం కొట్టించియ్యి. నేను చూసుకుంటా. దిమ్మలు పెట్టుకుంటా. నువ్వు హాయిగా పెడన పోయి నీ చిలకలు చెక్కుకో."

నేను తలుపు వెనక ఉన్నాను. వింటున్నాను. రాజు ఒక్కమాట అంటే చాలు. అవనిగడ్డలో ఏ వెల్డరైనా పావుగంటలో కొట్టేస్తాడు. పోయేది రాజు ప్రాణం కాదు, పైగా అతని భయం తీరిపోతుంది.

"నీకిద్దరు పిల్లలు గదా" అన్నాడు రాజు.

"ఉంటే?"

"ఏం లేదులే. ఇంకెక్కడన్నా చూసుకో తమ్ముడూ."

జయకృష్ణ తన మోటారు సైకిలు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. రాజు లోపలికి రాలేదు. చాలాసేపు ట్రాక్టరు దగ్గరే నించున్నాడు. ఇంకో ఇద్దర్ని అడిగి చూశాడు తర్వాత. వాళ్ళూ తోడటం మాట వినగానే వెళ్ళిపోయారు. పంచాయతీ వాళ్ళు మాత్రం "నువ్వుండగా ఇంకొకళ్ళెందుకులే" అన్నారు. ఆ మాట మెచ్చుకుంటూనే అన్నారు. అతని మొహం చూస్తే గదికి బయటినుంచి గొళ్ళెం పెట్టినట్టయింది.

కొత్త కొక్కెంతో వెళ్ళిన మొదటిరోజు చివరి వీధిలో కుళాయి మళ్ళీ దగ్గింది. సత్యవతి బిందె నడుమున పెట్టుకుని అందుకుంది. "ఏంటి రాజూ, మీ అన్న ఉండగా మా వీధికి కూడా ఉగాదిలా ఉండేది. నీ చేతిలో మళ్ళీ మొదటికొచ్చిందా? పువ్వులు చెక్కే చెయ్యి గదా, నీళ్ళు పొయ్యడం రాదులే!"

రాజు ట్యాంకరు ఎక్కి మూత తీస్తున్నాడు. నేను ఆరోజు కావాలనే వెనకాల నడిచి వెళ్ళాను. పన్నెండు మంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ చెప్పాను. కొక్కెం పైనుంటేనే మీకు చివరిదాకా వచ్చాయి, అది పైనుండబట్టే ఆయన పోయారు, పైన పెట్టమన్నది నేను. మూడు మాటల్లో అయిపోయింది.

సత్యవతి నడుమ్మీది బిందె కిందికి దించింది. "అయితే నా నోరేనా అమ్మా? రేషన్ షాపు దగ్గర వాగిన నోరేనా?"

"కాదు సత్యవతీ. నీకు నీళ్ళు కావాలి, అడిగావు."

"నేను గోంగూర కూడా ఇచ్చానే" అంది, అదేదో పెద్ద నేరమన్నట్టు. కళ్ళు తుడుచుకుంది. పైనుంచి రాజు మొదటి బకెట్టు తాడుతో దించాడు. సత్యవతి అందుకుని తన బిందెలో కాదు, పక్కనున్న ముసలామె బిందెలో పోసింది.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున దుర్గాశ్రీనివాస్ గారు ఫోను చేశారు. అప్పుడు మేం చివరి వీధిలోనే ఉన్నాం. రాజు ట్యాంకరు మీద ఉన్నాడు. నేను కింద బకెట్లు అందుకుంటున్నాను. ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. అతను ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని విన్నాడు. "అలాగేనండీ... ఎవరండీ, ఆ గూడూరు కుర్రాడా? మంచిదండీ... హంస మెడ దగ్గర వాడి ఉలి కాస్త లోతు పోద్దండీ, చూసుకోమనండి... అలాగేనండీ." ఫోను జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకరు మూతలోకి వంగి చాలాసేపు లేవలేదు. లోపల చీకట్లో నీళ్ళు కదులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రాజూ" అన్నాను. "నేను చెప్పకపోయి ఉంటే ఈపాటికి నువ్వు అక్కడుండేవాడివి."

అతను తలెత్తాడు. మొహమంతా తడిగా ఉంది. నీళ్ళో చెమటో నాకు తెలియదు.

"ఉండేవాణ్ణి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఓదార్చలేదు. నిండిన బకెట్టు తాడుతో మెల్లగా దించాడు.

"రెండు చేతులతో పట్టుకో వదినా. బరువుగా ఉంది."